పెరిగే పిల్లకి తుపాకీ

తుపాకీ కొనడానికి నేను టేపు తీసుకెళ్ళాను. బట్టలు కొలిచే టేపు. ఎప్పుడూ మెడలోనే ఉంటుంది కాబట్టి ఉన్నట్టు కూడా తెలియదు. బస్సెక్కాక చూసుకుని తీసి సంచిలో పడేశాను. పక్కన కూర్చున్న మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. "అమ్మా, తుపాకీకి జాకెట్ కుడతావా?" అంది. అప్పుడు దానికి పదకొండేళ్ళు. నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. అంత నోరున్న పిల్ల ఆ తర్వాత ఆరు వారాల పాటు ఒక మాట నా దగ్గర ఎందుకు దాచిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

చిలకలూరిపేటలో హైవే మీంచి ఊళ్ళోకి తిరిగే రోడ్డులో నాది టైలరింగ్ కొట్టు. జాకెట్లు కుడతాను, చుడీదార్లు కుడతాను, కానీ కొట్టు నిలబడింది మాత్రం స్కూలు యూనిఫాంల మీద. జూన్ వచ్చిందంటే తల్లులందరూ పిల్లల్ని నా ముందుకు తోసి ఒకటే మాట చెబుతారు. "కాస్త లూజు పెట్టమ్మా, పెరిగే పిల్ల." వాళ్ళు చెప్పక్కర్లేదు, నేనే పెడతాను. భుజం దగ్గర అంగుళం, నడుం దగ్గర రెండు, కింద మూడంగుళాల మడత. మొదటి ఏడాది ఆ బట్టల్లో పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండో ఏడాది సరిపోతుంది. మూడో ఏడాది మడత విప్పితే ఇంకొన్నాళ్ళు గడుస్తుంది. పిల్లకి సరిగ్గా పట్టేలా బట్ట కుట్టించడం మా వైపు దుబారా కిందే లెక్క. చెప్పులైనా అంతే, సైకిలైనా అంతే.

తుపాకీ అంటే కంగారు పడకండి, గాలి తుపాకీ. పది మీటర్ల దూరంలో అరచేతంత కాగితం పెట్టి, దాని మధ్య చుక్కని కొట్టే ఆట. స్కూల్లో గేమ్స్ పీరియడ్‌కి గుంటూరు నుంచి ఒక కోచ్ మేడమ్ వచ్చి పిల్లలందరి చేతా ఒకసారి పట్టించి చూసింది. మా అమ్మాయి చెయ్యి వణకడం లేదంది. అప్పట్నుంచి శని, ఆదివారాల్లో గుంటూరు వెళ్ళి రేంజిలో క్లబ్బు తుపాకీతో నేర్చుకునేది. ఏడాది తిరిగాక, ఇక సొంతానిది ఉంటే మంచిదంది కోచ్. ఈ సంగతి తెలిసి మా వీధిలో ఒకావిడ కొట్టు గుమ్మంలో నిలబడి, "ఆడపిల్లకి తుపాకీ ఏంటే? ఎవర్ని కాలుస్తుంది?" అనడిగింది. "జాకెట్ ఇవ్వాళ్టికి అయిందా అని రోజుకి నాలుగుసార్లు అడిగేవాళ్ళని," అన్నాను. మా ఆయన స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు పని చేస్తాడు. ఆయన "నీ ఇష్టం" అన్నాడు. ఆయన ఏదైనా ఒప్పుకున్నాడని తెలుసుకోవడానికి అంతకంటే పెద్ద గుర్తు దొరకదు.

తుపాకులమ్మే కొట్టు కృష్ణ అవతల, బెజవాడలో ఉంది. తాడేపల్లి దాటి బస్సు వారధి ఎక్కగానే మా అమ్మాయి కిటికీకి అతుక్కుపోయింది. కొట్టులో ముందంతా క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు. వెనక గాజు బీరువాలో తుపాకులు. కొట్టు యజమాని అరవై దాటిన మనిషి. గుర్తింపు కార్డు, క్లబ్బు వాళ్ళిచ్చిన ఉత్తరం తీరిగ్గా చూసి, రెండు తుపాకులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి పిల్లల కోసం చేసింది, చిన్నది, తేలిక. రెండోది పెద్దవాళ్ళది. రెండూ ఒకే పనితనం, కొలతే తేడా అన్నాడు.

అతను కొలత చూసే పద్ధతి నాకు నచ్చింది. పిల్లని మోచెయ్యి మడవమన్నాడు. తుపాకీ వెనక భుజానికి ఆనించే చెక్క ఉంటుంది కదా, దాన్ని తీసుకొచ్చి ఆ మోచేతి మడతలో ఆనించాడు. ఇప్పుడు వేలు ట్రిగ్గర్ మీద వెయ్యమన్నాడు. చిన్న తుపాకీకి వేలి మొదటి కణుపు సరిగ్గా ట్రిగ్గర్ మీద పడింది. పెద్దదానికి వేలు గాల్లో ఆగిపోయింది. నేను సంచిలోంచి టేపు తీసి కొలిచాను. రెండంగుళాలు తక్కువ.

"రెండంగుళాలేగా. రెండేళ్ళలో అందుకుంటుంది. పెద్దదే ఇవ్వండి," అన్నాను.

"ఇది గౌను కాదమ్మా," అన్నాడాయన, నెమ్మదిగానే.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ నుంచి కొలతలు తీసి బతుకుతున్నదాన్ని, నాకు కొలతలు చెబుతాడా అనిపించింది. "మీకు ఆడపిల్లలున్నారా?" అన్నాను. లేరన్నాడు. "అదీ సంగతి," అన్నాను.  చిన్నదే తీసుకోమని కోచ్ రాసిచ్చిన కాగితం నా సంచిలోనే ఉంది. బయటికి తియ్యలేదు. కోచ్ పెళ్ళి కాని పిల్ల, ఎదిగే పిల్లల సంగతి తనకేం తెలుసులే అనుకున్నాను.

మా అమ్మాయి పెద్ద తుపాకీ ఎత్తి పట్టుకుంది. బరువుకి నడుం వెనక్కి వంగింది.

"ఎలా ఉందే?" అన్నాను.

"కొంచెం పొడుగ్గా ఉందమ్మా."

"పెరుగుతావులే," అన్నాను. అని బిల్లు రాయమన్నాను.

ఆ తర్వాత ఆరు వారాలు శని, ఆదివారాల్లో ఆ పొడుగాటి పెట్టె మోసుకుని గుంటూరు బస్సెక్కేవాళ్ళం. మిరపకాయ కోతల కాలం. రోడ్డు పొడుగునా మిర్చి యార్డుకి బస్తాలు, అదే టిక్కీలు, మోసే లారీలే. బస్సు వాటి వెనక పడ్డప్పుడల్లా డ్రైవరు దగ్గర్నుంచి చివరి సీటు దాకా అందరికీ తుమ్ములు. పిల్ల లోపల ప్రాక్టీసు చేస్తుంటే నేను రేంజి బయట రేకుల నీడలో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టుకునేదాన్ని. ఒక్కసారి కూడా లోపలికెళ్ళి చూడలేదు. చూడ్డానికేముంది, నిలబడి కాలుస్తారు, అంతే కదా అనుకున్నాను.

పాయింట్లు పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చాయి. క్లబ్బు తుపాకీతో మధ్య చుక్కలో పడే గుళ్ళు ఇప్పుడు కాగితం అంచుకి పడుతున్నాయి. కోచ్ రెండుసార్లు బయటికొచ్చి చెప్పింది. "అక్కా, ఇది దానికి పొడుగవుతోంది. మార్చాలి."

"పెరిగే పిల్ల కదా మేడమ్. అలవాటవుతుంది," అన్నాను రెండుసార్లూ. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నాతో వాదించి గెలవడం కష్టమని మా వీధి వీధంతా చెబుతుంది. పాపం తనకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఈలోగా బస్సులో మా అమ్మాయి మాటలు తగ్గిపోయాయని నేను గమనించాను. గమనించి, అలిసిపోయింది కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

ఆరో వారం, ఆదివారం మధ్యాహ్నం. కొట్టు షట్టరు సగం దించి నేను మిషన్ మీద ఉన్నాను. మా నాన్న బల్ల మీద కూర్చుని గుండీలు వేరు చేస్తున్నాడు. చొక్కా గుండీలు ఒక డబ్బాలో, ప్యాంటు గుండీలు ఒక డబ్బాలో, అన్నీ వేళ్ళతో తడిమి. ఆయనకి కళ్ళు కనపడవు. చూపు పోయినప్పటి నుంచీ మాతోనే ఉంటున్నాడు. మా అమ్మాయి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని జామకాయ తింటోంది.

"ఇవ్వాళ ఎన్ని తగిలాయే?" అనడిగాడు మా నాన్న.

"తగల్లేదు తాతయ్యా. సగం నల్లగా కనిపిస్తోంది."

మా నాన్న చేతిలో గుండీలు ఆగిపోయాయి.

"ఏ పక్క?"

"ముక్కు పక్క."

"కుడి కన్నా?"

"ఊఁ."

నేను మిషన్ ఆపేశాను. ఆపినట్టు కూడా నాకు గుర్తు లేదు, చప్పుడు లేకపోవడం ఒక్కటే గుర్తుంది.

ఎందుకో చెప్పాలి. మా నాన్నది వినుకొండ దగ్గర ఊరు. మిరప, పత్తి వేసేవాడు. ఆయనకి చూపు ఇలాగే పోయింది. మొదట ముక్కు పక్క మసక. ఎండ వల్ల అన్నాడు. మరుసటేడు పురుగు మందు కొట్టడం వల్ల అన్నాడు. కోతలయ్యాక చూపించుకుంటానన్నాడు. అలా మూడు కోతలు గడిచాయి. కాయ కోసేటప్పుడు చెట్టుకి ఒక పక్క కాయలు వదిలేసి పోతున్నాడని కూలీలు నవ్వుకుంటుంటే మా అమ్మ పసిగట్టింది. గుంటూరు తీసుకెళితే నీటికాసులన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందట, పోయిన చూపు తిరిగి రాదట. ఇది రక్తంలో వచ్చే జబ్బు, మీ పిల్లల్నీ వాళ్ళ పిల్లల్నీ ఏటేటా చూపించుకుంటూ ఉండండి అని కూడా అప్పుడే చెప్పారు. నేను ఏటా చూపించుకుంటున్నాను. పిల్లని మాత్రం ఒక్కసారీ తీసుకెళ్ళలేదు. చిన్నపిల్లకేంటి, కాస్త పెద్దదయ్యాక చూద్దాంలే అనుకుంటూ వచ్చాను.

"రేపు కొట్టు తెరవకు," అన్నాడు మా నాన్న. "పొద్దున్నే తీసుకెళ్ళు. నేను చేసిన పని చెయ్యకమ్మా." ఆయన నన్ను ఎప్పుడూ 'ఒసేయ్' అని పిలిచే మనిషి. ఆ రోజు అమ్మా అన్నాడు. 

మర్నాడు బస్సులో నాకు భయం వేసింది. ఇంకే మాటా లేదు, భయమే. పిల్లని ఒక కన్ను మూసుకుని రోడ్డు పక్క బోర్డులు చదవమన్నాను. విత్తనాల కొట్లు, ఎరువుల కొట్లు, మిల్లుల పేర్లు గడగడా చదివేసింది. అయినా నా గుండె కుదుటపడలేదు. మా నాన్న కూడా చాలాకాలం వరకూ ఎదురుగా వచ్చే బస్సుల బోర్డులు చదివేవాడు. పక్కవి పోయాకే ఎదరవి పోతాయి ఆ జబ్బులో. "ఎందుకమ్మా చదివిస్తున్నావు?" అనడిగింది. "ఊరికే," అన్నాను. నేను ఊరికే ఏదీ చెయ్యనని దానికి తెలుసు, కాబట్టి నోరు మూసుకుని చదివింది.

కంటాసుపత్రిలో చుక్కలు వేశారు. ఒత్తిడి కొలిచారు. తర్వాత ఒక తెల్ల గిన్నెలాంటి మిషన్లో తల పెట్టించి, ఎక్కడ చిన్న దీపం వెలిగినా మీట నొక్కమన్నారు. నన్ను బయట కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి మీట చప్పుడు వినపడేది. టిక్. టిక్. కాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ కాసేపులో దీపం వెలగలేదా, లేక వెలిగింది దీనికి కనపడలేదా? మళ్ళీ టిక్ అనేది. ఊరంతటికీ కొలతలు తీస్తాను, నా పిల్లకి చెయ్యాల్సిన ఒక్క కొలతా వాయిదా వేసుకుంటూ వచ్చానని ఆ బెంచీ మీద కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. పక్కన ఎవరున్నారో కూడా చూసుకోలేదు, పైకే తిట్టుకున్నాను కాబోలు, ఒక పెద్దాయన జరిగి కూర్చున్నాడు.

డాక్టరు గారు కాగితాలన్నీ ముందేసుకుని చూశారు. రెండో కాగితం, మళ్ళీ మొదటి కాగితం. ఆ తర్వాత తలెత్తారు.

"రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయమ్మా. ఒత్తిడి మామూలుగా ఉంది. నరం బాగుంది. ఏ పక్కా చూపు తగ్గలేదు."

"కుడి కన్నండీ?"

"కుడి కన్ను కూడా."

"ముక్కు పక్కండీ?"

"ముక్కు పక్క కూడా," అన్నారాయన నవ్వి. "ఇంట్లో ఈ జబ్బు ఉంది కాబట్టి ఏడాదికోసారి తీసుకురండి. అంతే."

నేను అక్కడే ఏడ్చేశాను. గట్టిగానే. నర్సు దూది తెచ్చిచ్చింది, దూదితో ఎలా తుడుచుకోను, కొంగుతోనే తుడుచుకున్నాను. ఒంట్లో ఉన్న బరువంతా ఒక్కసారి దిగిపోతే మనిషి కూర్చోలేడు, నిలబడలేడు. లేచి, కూర్చుని, మళ్ళీ లేచాను. మా అమ్మాయి నన్ను వింతగా చూస్తోంది. అప్పటిదాకా దానికి ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు.

తేరుకున్నాక నాకే అనుమానం వచ్చింది. "మరి సగం నల్లగా ఎందుకు కనిపిస్తోందండీ?"

డాక్టరు గారు పిల్లని అడిగారు. "ఎప్పుడమ్మా అలా కనిపించేది?"

"తుపాకీ మీద గురి చూసే కంతలోంచి చూస్తే."

"మామూలప్పుడు? స్కూల్లో బోర్డు చూసినప్పుడు?"

"మామూలప్పుడు ఏం లేదు."

ఆయన నా వంక చూశారు. నేను పిల్ల వంక చూశాను. "ఆ మాట నిన్ననే ఏడవచ్చుగా!" అన్నాను. "నువ్వు అడగలేదుగా," అంది. దాన్ని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు. "కంటికి నేనున్నాను, తుపాకీకి వేరే డాక్టర్ని చూసుకోండి," అన్నారాయన. ఆ జోకు స్థాయికి నేను నవ్విన నవ్వు చాలా ఎక్కువ.

బయటికొచ్చి మా నాన్నకి ఫోన్ చేశాను. "బాగున్నాయి నాన్నా. ఏం లేదు," అన్నాను. "సరే," అన్నాడు.  ఫోను కట్ చెయ్యడం ఆయనకి ఎప్పుడూ సరిగ్గా చేతకాదు. నేను చెవి దగ్గర్నుంచి తియ్యబోతుంటే పక్కింటావిడకి చెబుతుండడం వినిపించింది. "మా పిల్లకి బాగుందట. బాగుందట. కళ్ళు రెండూ బాగున్నాయట." అలా ఎన్నిసార్లన్నాడో. నేను ఫోను పెట్టెయ్యకుండా వింటూ నిలబడ్డాను.

చుక్కలు వేశారు కాబట్టి మా అమ్మాయి నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఉంది. ఎదురుగా బండి దగ్గర చెరుకురసం ఇప్పించాను. రెండో గ్లాసు కూడా అడక్కుండానే చెప్పాను. అది తాగుతుంటే మెల్లిగా అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచే ఆ నలుపు?"

"కొన్న మొదటి రోజు నుంచీ."

"ఆరు వారాలు! మరి ఎందుకు చెప్పలేదు?"

గ్లాసు అడుగున ఐసు ముక్క కోసం చూస్తూ అంది. "పొడుగ్గా ఉందని కొట్లోనే చెప్పాగా. పెరుగుతావులే అన్నావు. నలుపు కూడా పెరిగితే పోతుందనుకున్నా."

 అది నన్ను దెప్పడం లేదు, నామీద అలగడం లేదు. నా మాట నమ్మింది, అంతే. కంటి ముందు చీకటిగా ఉంటే, అమ్మ చెప్పింది కదా, ఎదిగాక పోతుందిలే అని ఓపిగ్గా ఆరు వారాలు కూర్చుంది. నలుపు తుపాకీలో కాబట్టి సరిపోయింది. అదే కంట్లో ఉండుంటే? అప్పుడు కూడా ఇలాగే కూర్చునేది. మా నాన్న కోతల కోసం ఆగాడు, ఇది ఎదగడం కోసం ఆగేది.  డాక్టరు గారు బాగున్నాయన్న రోజునే నాకు అసలు భయం ఎంత దగ్గరగా వచ్చి వెళ్ళిందో తెలిసింది.

శనివారం రేంజికి వెళ్ళాం. ఈసారి హుక్కులు తీసుకెళ్ళలేదు. లోపలికెళ్ళి పిల్ల వెనక నిలబడ్డాను. తుపాకీ ఎత్తింది. కొలతలకి నిలబెట్టిన పిల్లని చూసినట్టే చూశాను, ముందు భుజం, తర్వాత మెడ, తర్వాత నడుం. చూడగానే అర్థమైపోయింది. చెక్క పొడుగ్గా ఉండడంతో భుజం వెనక్కి పోయింది. దాన్ని అందుకోవడానికి మెడ ముందుకి సాగింది, పక్కన నరం తేలింది. బరువు మొయ్యడానికి నడుం విరిచింది. చెంప ఆనాల్సిన చోటికి చెంప రాలేదు. అక్కడ ఉంది తుపాకీ పట్టుకున్న పిల్ల కాదు, లూజు బట్టల్లో చేతులు వెతుక్కుంటున్న పిల్ల. అలాంటి పిల్లల్ని ఏటా జూన్‌లో నేనే తయారు చేసి పంపిస్తాను.

"కన్ను ఈ వెనక కంతకి తిన్నగా, దగ్గరగా ఉండాలక్కా," అంది కోచ్. "మెడ సాగదీసి చూస్తుంటే కన్ను పక్కకి పోతోంది. అప్పుడు కంత అంచు అడ్డమొచ్చి సగం నల్లగా కనపడుతుంది. నలుపు కనపడుతోందా అని నేను దీన్ని ఎన్నిసార్లు అడిగినా, పెరుగుతాగా మేడమ్ అని తప్పించుకునేది."

"తప్పు దానిది కాదు మేడమ్, నాది," అన్నాను. ఈ మాట నేను ఎవరితోనైనా అనడం చాలా అరుదు. ఆమె కూడా నమ్మలేనట్టు చూసింది. "ఎంత తీసెయ్యాలో గీత పెట్టండి," అన్నాను.

కోచ్ పిల్ల చేత మోచెయ్యి మడిపించి, ఆనించి, పెన్సిల్‌తో గీత పెట్టింది. ఇనుప భాగమంతా విప్పి రేంజిలోనే తాళం వేసుకుని, ఒట్టి చెక్క నా చేతికిచ్చింది. దాన్ని పేటలో మాకు తెలిసిన వడ్రంగి సాయిబుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. నా మిషన్ బల్లలన్నీ ఆయన చేసినవే. చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"తుపాకీ చెక్క."

రంపం కింద పెట్టేశాడు. సంగతంతా చెప్పాక మళ్ళీ తీశాడు. గీత చూసి తల ఆడించాడు. "రెండంగుళాలు కోసేస్తే ఎలాగమ్మా? పెరిగే పిల్ల కదా. రేపు పొట్టిదైపోదూ?"

ఆ మాట నాకే అడ్డు రావడం అదే మొదటిసారి. నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నాలాంటివాడే, మా ఊళ్ళో అందరూ నాలాంటివాళ్ళే. "ఇవ్వాళ్టి పిల్లకి కొయ్యండి సాయిబుగారూ," అన్నాను.

కోశాడు. రంపం దిగుతున్నంతసేపూ నా ప్రాణం గిలగిల్లాడింది, అబద్ధమెందుకు చెప్పాలి. మంచి చెక్క. కానీ ఆయన నాకంటే తెలివైనవాడు. కోసిన ముక్కని పారెయ్యకుండా, అందులో రెండు చిల్లులు వేసి, పొడుగాటి స్క్రూలు రెండు పొట్లం కట్టి ఇచ్చాడు. పిల్ల ఎదిగాక బిగించుకోవచ్చట.

మర్నాడు ఆదివారం. కోచ్ అన్నీ బిగించి ఇచ్చింది. మా అమ్మాయి తుపాకీ ఎత్తింది. ఈసారి నడుం నిటారుగా ఉంది. చెంప వచ్చి చెక్క మీద ఆనింది. నేను వెనకే నిలబడి ఉన్నాను.

"నలుపుందా?"

"లేదమ్మా. గుండ్రంగా ఉంది. మొత్తం గుండ్రంగా ఉంది."

హమ్మయ్య అనుకున్నాను. వెళ్ళి కుర్చీలో కూర్చుందామని వెనక్కి తిరిగాను. అప్పుడు తుపాకీ బల్ల మీద పెట్టి, నా వంక చూడకుండా అంది. "కానీ భుజం దగ్గర గుచ్చుకుంటోంది."

అలవాటవుతుందిలే. ఆ మాట నా పళ్ళ దాకా వచ్చేసింది. ఒక్క క్షణం పెదాలు బిగించి పట్టుకున్నాను. "ఎక్కడ? వేలు పెట్టి చూపించు," అన్నాను.

చూపించింది. కోసిన అంచు చొక్కా మీంచి పొడుస్తోంది, ఉప్పుకాగితంతో రుద్దితే పోతుంది. "ఇంకా?" అన్నాను. నిజంగా అడుగుతున్నానో లేదో తేల్చుకోవడానికి కాసేపు నా మొహం చూసింది. ఆ తర్వాత మొదలుపెట్టింది. బూట్లు పెద్దవట, మడమ దగ్గర ఒరుసుకుంటున్నాయట. యూనిఫాం చేతులు అన్నంలో పడుతున్నాయట. సైకిలు దిగాలంటే ప్రతిసారీ అరుగు వెతుక్కోవాలట, అరుగు దొరక్క ఒకసారి స్కూలు దాటి మిల్లు దాకా వెళ్ళిపోయిందట. కోచ్ అటు తిరిగి నవ్వుతోంది. వెనక ఎవరో పిల్లాడు తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు. నేను కుర్చీ దాని పక్కకి లాక్కుని కూర్చున్నాను.

"ఊఁ, చెప్పు. ఇంకా?" అన్నాను.